కరువు ఒక్కటే... సాయమే రెండు తీర్లు

కష్టకాలంలో ఎవరు ఏ పథకం తలుపు తడుతున్నారు? సరిహద్దు జిల్లాల అంకెలు ఏం చెబుతున్నాయి?

2023లో వానలు ముఖం చాటేశాయి. తుంగభద్రకు అటూ ఇటూ ఒకే ఎండ, ఒకే బీడు. కర్ణాటక ప్రభుత్వం ఆ ఏడాది సెప్టెంబరులో 195 తాలూకాలను కరువు ప్రాంతాలుగా ప్రకటించింది. తర్వాత మరో రెండు విడతల్లో జాబితాను పెంచుకుంటూ పోయి, 236 తాలూకాల్లో 223ను అందులో చేర్చింది. ఇటు ఆంధ్రప్రదేశ్ అక్టోబరు నెలాఖరున ఏడు జిల్లాల్లో 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించింది. అందులో అనంతపురం జిల్లావి 28, కర్నూలువి 24, శ్రీసత్యసాయి జిల్లావి 21. అంటే 103లో 73 మండలాలు కర్ణాటకను ఆనుకుని ఉన్న ఈ మూడు జిల్లాలవే.

పావగడ పొలంలో ఎండిన వేరుశనగకు, మడకశిర పొలంలో ఎండిన వేరుశనగకు తేడా ఏమీ లేదు. రెండు ఊళ్ల మధ్య పిల్లనిచ్చి పుచ్చుకోవడాలున్నాయి, సంతలున్నాయి, కూలికి పోయి రావడాలున్నాయి. కానీ పంట పోయిన మర్నాటి నుంచి ఆ రెండు ఇళ్లకు అందిన సాయం మాత్రం ఒక్క తీరుగా లేదు. సరిహద్దు దాటి పనికి పోయిన మూడో ఇల్లు ఒకటుంటుంది. దాని సంగతి మరీ అన్యాయం. ఆ ఇంటికి రెండు రాష్ట్రాల్లోనూ పథకాలున్నాయి, రెండు చోట్లా చేతికి అందేది అంతంత మాత్రం.

2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవారు తమిళనాడులో సుమారు 42 లక్షలు, కర్ణాటకలో దాదాపు 36 లక్షలు, మహారాష్ట్రలో 13 లక్షలు, ఒడిశాలో ఆరున్నర లక్షలకు పైనే. తరాలుగా స్థిరపడినవారు వీరిలో ఎక్కువ. నిన్నగాక మొన్న పొట్ట చేతపట్టుకుని వెళ్లినవారూ ఉన్నారు. చెడ్డ రోజులు వచ్చినప్పుడు ఈ రెండు రకాలవారి పరిస్థితి ఒకటి కాదు. సాయం లెక్కలు చదివేటప్పుడు ముందుగా గుర్తుంచుకోవాల్సింది ఇదే.

మొదట పని... తర్వాత బియ్యం

ఒక ప్రాంతంలో ఆదాయం పడిపోతే జనం అన్ని పథకాల వైపూ ఒకేసారి పరుగెత్తరు. దానికో వరస ఉంది. మొదట ఇంట్లో ఉన్న నాలుగు గింజలు, చేబదుళ్లు, బంగారం కుదువ. ఆ తర్వాత కూలి పని కోసం వెతుకులాట. ఊళ్లో పనుల్లేకపోతే ఉపాధి హామీ. అదీ చాలకపోతే వలస. పింఛను, రేషను ముందు నుంచీ వస్తున్నవే. కష్టకాలంలో వాటిని తీసుకునేవారి సంఖ్య అంతగా పెరగదు గానీ, వాటి మీద ఆధారపడటం పెరుగుతుంది. అవ్వ పింఛనుతో కొడుకు కోడలు నెల గడుపుతారు. పింఛన్ల జాబితా చూస్తే ఇది కనిపించదు. అందులో ఉండేది అవ్వ పేరొక్కటే.

అందుకే కరువు తీవ్రతను కొలవాలంటే ఉపాధి హామీ పని దినాలే మొదటి సూచిక. రాయలసీమ పల్లెల్లో ఈ పథకాన్ని నేటికీ 'కరువు పని' అనే పిలుస్తారు. కన్నడ పల్లెల్లో 'ఉద్యోగ ఖాత్రి' అంటారు, తమిళ పల్లెల్లో 'నూరు రోజుల పని' అంటారు. 1970ల తొలినాళ్ల మహా కరువులో మహారాష్ట్ర మొదలుపెట్టిన ఉపాధి హామీ దీనికి మూలం. ఆ రాష్ట్రం 1977లో దానికి చట్టం చేసింది. దేశమంతటికీ వర్తించే చట్టం 2005లో వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో పథకం మొదలైంది. తొలి విడతలో ఎంపికైన 200 జిల్లాల్లో కర్ణాటక నుంచి రాయచూరు, చిత్రదుర్గ కూడా ఉన్నాయి. బళ్లారి 2007లో, కోలారు 2008లో చేరాయి.

దేశవ్యాప్త అంకెలు చూస్తే కష్టకాలానికీ ఈ పథకానికీ ఉన్న సంబంధం తెలుస్తుంది. 2009లో వర్షాలు విఫలమయ్యాయి. 2008-09లో 216 కోట్లున్న పని దినాలు 2009-10లో 283 కోట్లు దాటాయి. పని చేసిన కుటుంబాలు 4.51 కోట్ల నుంచి 5.26 కోట్లకు పెరిగాయి. పదేళ్ల తర్వాత కొవిడ్ లాక్‌డౌన్ వచ్చింది. 2019-20లో 265 కోట్ల పని దినాలుంటే 2020-21లో 389 కోట్లయ్యాయి. కుటుంబాలు 5.48 కోట్ల నుంచి 7.55 కోట్లకు ఎగబాకాయి. ఒక్క ఏడాదిలో రెండు కోట్లకు పైగా కొత్త కుటుంబాలు పార పట్టాయన్నమాట. కేంద్రం మొదట రూ.61,500 కోట్లు కేటాయించి, ఆ మే నెలలో మరో రూ.40,000 కోట్లు కలపాల్సి వచ్చింది. ఏడాది తిరిగేసరికి ఖర్చు రూ.1.11 లక్షల కోట్లు దాటింది.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. ఒకటి, అంత గడ్డు ఏడాదిలోనూ సగటున ఒక్కో కుటుంబానికి దొరికింది 52 రోజుల లోపు పనే. వంద రోజులు పూర్తి చేసినవి సుమారు 72 లక్షల కుటుంబాలు. పదింట ఒక్కటి కూడా కాదు. రెండు, ఎక్కిన అంకె దిగడానికి చాలా కాలం పట్టింది. 2021-22లోనూ 7.25 కోట్ల కుటుంబాలు పనికి వచ్చాయి. 2024-25 నాటికి అవి 5.8 కోట్ల దగ్గరికి దిగినా, కొవిడ్‌కు ముందటి మట్టానికి పూర్తిగా చేరలేదు. కష్టం ఒక్కసారిగా వస్తుంది, తేరుకోవడం మాత్రం నత్తనడకే.

బళ్లారి నేర్పిన పాఠం

అయితే ప్రతి మాంద్యమూ ఉపాధి హామీ లెక్కల్లో కనిపించదు. ఇందుకు బళ్లారి ఉదాహరణ. 2011 జులై 29న సుప్రీంకోర్టు జిల్లాలో ఇనుప ఖనిజం తవ్వకాలను నిలిపేసింది. ఆగస్టులో ఆ నిషేధాన్ని తుమకూరు, చిత్రదుర్గలకూ వర్తింపజేసింది. అక్రమ తవ్వకాల మీద ఆ దెబ్బ పడాల్సిందే. కానీ గనితో పాటు లారీ ఆగింది. లారీతో పాటు డ్రైవరు, క్లీనరు, పంక్చర్ షాపు, దారి పక్క హోటలు ఆగాయి. వీరిలో అనంతపురం, కర్నూలు వైపు నుంచి వచ్చినవారూ ఉన్నారు.

వీరంతా ఎక్కడ పేరు రాయించుకోవాలి? ఉపాధి హామీ గ్రామీణ పథకం. బళ్లారి, హొసపేటె పట్నాల్లో అద్దెకుండేవారికి అది వర్తించదు. సొంతూరికి తిరిగి వెళ్తే అక్కడ జాబ్ కార్డు ఉండాలి. ఉంటే, ఆ పని దినాలు అనంతపురం ఖాతాలో పడతాయి. దెబ్బ తగిలింది బళ్లారిలో, లెక్క తేలింది ఇంకో రాష్ట్రంలో.

గనుల నుంచి వసూలైన సొమ్ముతో దెబ్బతిన్న ప్రాంతాలను బాగు చేసే ప్రణాళికకు సుప్రీంకోర్టు 2022లో అనుమతి ఇచ్చింది. దాని విలువ సుమారు రూ.25,000 కోట్లు. పర్యవేక్షణ బాధ్యతను మాజీ న్యాయమూర్తి జస్టిస్ బి.సుదర్శన్‌రెడ్డికి అప్పగించింది. డబ్బు పెద్దదే. కానీ పని పోయిన ఏడాదికి, అనుమతి వచ్చిన ఏడాదికి మధ్య పదకొండేళ్లు గడిచాయి. ఈలోగా ఆ లారీ క్లీనరు ఏ పట్నం చేరాడో ఎవరి లెక్కలోనూ లేదు.

2023లో రెండు ఇళ్లు

మళ్లీ 2023 కరువుకు వద్దాం. కర్ణాటక వైపు ఆ సమయానికి రెండు కొత్త పథకాలు అప్పుడే మొదలయ్యాయి. అన్నభాగ్య కింద అదనపు అయిదు కిలోల బియ్యం ఇవ్వాలనుకుంటే కేంద్రం నుంచి ధాన్యం దొరకలేదు. దాంతో కిలోకు రూ.34 చొప్పున మనిషికి రూ.170 నగదు జులై నుంచి ఇవ్వడం మొదలుపెట్టారు. ఆగస్టు 30న గృహలక్ష్మి మొదలైంది. పడితర చీటిలో ఇంటి యజమానురాలిగా ఉన్న మహిళకు నెలకు రూ.2,000. ఈ రెండూ కలిపితే అయిదుగురున్న పేద ఇంటికి నెలకు రూ.2,850 లెక్క. ఇవి కరువు కోసం పెట్టిన పథకాలు కావు. ఎన్నికల హామీలు. కానీ కరువు ప్రకటించిన నెలకు అవి అక్కడ సిద్ధంగా ఉన్నాయి.

ఆంధ్ర వైపు సాయం రూపు వేరు. 2023లో వృద్ధాప్య పింఛను రూ.2,750. 2024 జనవరిలో రూ.3,000 అయింది. అదే ఏడాది జులై నుంచి రూ.4,000 చేతికి వస్తోంది. అది కర్ణాటక, తమిళనాడు పింఛన్ల కంటే చాలా ఎక్కువ. తమిళనాడులో 2023 ఆగస్టులో పెంచాక వృద్ధులకు రూ.1,200. మహారాష్ట్రలో అదే ఏడాది పెంచాక నిరాధార్ పింఛను రూ.1,500. పింఛన్లు పక్కన పెడితే, అప్పటి ఆంధ్ర పథకాల్లో ఎక్కువ ఏడాదికోసారి ఇచ్చేవే. బడికెళ్లే పిల్లలున్న తల్లికి ఒక విడత, భూమి ఉన్న రైతుకు విడతలుగా ఇంత.

ఈ రెండింటిలో ఏది గొప్ప అన్న వాదన రాజకీయ వేదికలకు వదిలేయవచ్చు. కరువులో ఏది అక్కరకు వచ్చిందన్నది వేరే ప్రశ్న. ముసలివాళ్లున్న ఇంటికి ఆంధ్ర పద్ధతి మేలు చేసింది. భూమి లేని, ముసలివాళ్లు లేని, చిన్న పిల్లలున్న కూలీ ఇంటికి కర్ణాటక పద్ధతి ఆసరా అయింది. ఆ ఇంటికి కావాల్సింది ఏడాదికోసారి పెద్ద మొత్తం కాదు, నెల నెలా అందే చిన్న మొత్తం. అంగట్లో అప్పు పెరగకుండా కాపాడేది అదే.

మరి కరువు పేరిట వచ్చిన సాయం? కర్ణాటక కేంద్రాన్ని రూ.18,171.44 కోట్లు అడిగింది. అందులో పంట పెట్టుబడి సాయం వాటా రూ.4,663 కోట్లు. జీవనోపాధి దెబ్బతిన్న కుటుంబాలకు నేరుగా ఇచ్చేందుకు అడిగింది రూ.12,577 కోట్లు. అంటే అడిగిన దాంట్లో దాదాపు 70 శాతం కుటుంబాల కోసమే. నెలలు గడిచాయి. 2024 మార్చిలో రాష్ట్రం సుప్రీంకోర్టు మెట్లెక్కింది. ఏప్రిల్ చివర్లో కేంద్రం విడుదల చేసింది సుమారు రూ.3,454 కోట్లు. అడిగిన దాంట్లో అయిదో వంతు కూడా కాదు. పంట సాయం పద్దు ఒక్కదానికే చాలని మొత్తం అది. ఖరీఫ్‌లో పోయిన పంటకు డబ్బు మరో ఖరీఫ్ గుమ్మంలోకి వచ్చాక అందింది. మధ్యలో రాష్ట్రం తన నిధుల నుంచి తొలి విడతగా రైతుకు రూ.2,000 వరకు వేసింది.

ఆ రెండు వేలైనా భూమి పత్రం ఎవరి పేరిట ఉంటే వారి ఖాతాకే వెళ్తుంది. సింధనూరు, గంగావతి, సిరుగుప్ప వైపు తుంగభద్ర కాలువల కింద తెలుగు రైతుల క్యాంపులు దశాబ్దాలుగా ఉన్నాయి. సొంత భూములున్నవారికి చిక్కు లేదు. కౌలుకు చేసేవారికి పంట నష్టం తమది, పరిహారం యజమానిది. ఆంధ్రప్రదేశ్‌లో కౌలుదారులకు పదకొండు నెలల గుర్తింపు పత్రం ఇచ్చే చట్టం 2019లో వచ్చింది. దాని అమలు ఎలా ఉన్నా చూపడానికి ఒక కాగితమంటూ ఉంది. ఆ కాగితం తుంగభద్ర దాటితే చెల్లదు.

కరువు ప్రాంతాల్లో వంద రోజులకు మరో యాభై రోజుల పని కలిపే వీలు 2005 చట్టం అమల్లో ఉంది. దానికి కేంద్రం అనుమతి కావాలి. కర్ణాటక ఆ అనుమతి కోరింది. అది సకాలంలో రాలేదని ముఖ్యమంత్రి సిద్ధరామయ్య పలుమార్లు బహిరంగంగానే విమర్శించారు. పని అడిగే చేతులున్నా లెక్క పెరగకపోవడానికి కారణాల్లో ఇదొకటి.

కార్డు వెంట వచ్చేది ఎంత?

ఇక సరిహద్దు దాటిన మూడో ఇల్లు. కోసిగి, ఆదోని వైపు నుంచి, హిందూపురం, మడకశిర నుంచి బెంగళూరుకో బళ్లారికో పనికి పోయిన కుటుంబం. ఈ కుటుంబం వెంట వచ్చే సాయం ఇప్పటికి ఒక్కటే, బియ్యం.

'ఒకే దేశం - ఒకే రేషన్ కార్డు' 2019 ఆగస్టులో మొదట ఆంధ్రప్రదేశ్-తెలంగాణ మధ్య, గుజరాత్-మహారాష్ట్ర మధ్య మొదలైంది. 2020 జనవరిలో కర్ణాటకతో సహా 12 రాష్ట్రాలకు విస్తరించింది. ఒడిశా ఆ జూన్‌లో, తమిళనాడు అక్టోబరులో చేరాయి. 2021 జూన్ 29న సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలూ దీన్ని అమలు చేసి తీరాలని గడువు పెట్టింది. 2022 జూన్‌లో అస్సాం చేరడంతో దేశమంతా పూర్తయింది. అంతకు ముందు, అంటే 2020 లాక్‌డౌన్‌లో, కార్డు లేని వలస కూలీల కోసం కేంద్రం 8 లక్షల టన్నుల ధాన్యం కేటాయించింది. అందులో సగం కూడా పంపిణీ కాలేదు. ఆకలి లేకనా? కాదు. ఎవరు ఎక్కడున్నారో రాష్ట్రాల దగ్గర జాబితాయే లేదు.

ఇప్పుడు వేలిముద్ర వేస్తే ఏ ఊరి చౌక డిపోలోనైనా బియ్యం వస్తాయి. మంచిదే. కానీ మూడు మెలికలున్నాయి. మొదటిది, పరాయి రాష్ట్రంలో వచ్చేది కేంద్రం ఇచ్చే మనిషికి అయిదు కిలోలే. అక్కడి రాష్ట్రం స్థానికులకు అదనంగా ఇచ్చే బియ్యమో నగదో రాదు. రెండోది, ఆంధ్రప్రదేశ్‌లో బియ్యం కార్డులన్నీ ఒకటి కావు. జాతీయ ఆహార భద్రత చట్టం కిందికి వచ్చేది సుమారు 2.68 కోట్ల మంది. మిగతా కార్డుల భారం రాష్ట్రమే మోస్తోంది. ఆ రాష్ట్ర కార్డులు సరిహద్దు దాటితే పనిచేయవు. తమిళనాడు కార్డుల్లోనూ ఇదే తేడా ఉంది. మూడోది, దేశంలో ఈ పద్ధతిలో జరుగుతున్న లావాదేవీల్లో అత్యధికం సొంత రాష్ట్రం లోపలివే. రాష్ట్రం దాటి తీసుకునేవి చాలా స్వల్పం. వలసలు తక్కువై కాదు. సగం కుటుంబం ఊళ్లో ఉండి బియ్యం అక్కడే తెచ్చుకోవడం, పరాయి డిపోలో సరుకు మిగలదన్న సమాధానం, అసలు తెలియకపోవడం... కారణాలు ఇవీ.

పట్నంలో పని పోతే

షోలాపూర్, భివండీ మగ్గాల మీద ఆధారపడిన పద్మశాలి కుటుంబాలకు మరో చిక్కు. వీరు తరాలుగా అక్కడివారే. కార్డులున్నాయి, ఓట్లున్నాయి. కానీ మరమగ్గం ఆగితే పట్నంలో పని అడిగే హక్కు ఏ కేంద్ర చట్టమూ ఇవ్వలేదు. ఉపాధి హామీ పొలిమేర దగ్గరే ఆగిపోతుంది. షోలాపూర్ ఇళ్లల్లో ఆడవాళ్లు బీడీలు చుట్టి సంసారం లాగుతారు. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు బీడీల మీద వసూలు చేసే సంక్షేమ సుంకం రద్దయింది. కార్మికుల ఆస్పత్రులకు, పిల్లల ఉపకార వేతనాలకు అంతవరకు ప్రత్యేకించి వచ్చే రాబడి పోయి, అవి బడ్జెట్ దయ మీద పడ్డాయి. ఇంకో పక్క మేలూ జరిగింది. 2024 జనవరి 19న షోలాపూర్ రేనగర్‌లో 15,000 ఇళ్లను ప్రధాని నరేంద్ర మోదీ కార్మికులకు అప్పగించారు. బీడీ, మరమగ్గ కార్మికులు అందులో ఉన్నారు. మాజీ ఎమ్మెల్యే నర్సయ్య ఆడం నాయకత్వంలో ఏళ్ల తరబడి జరిగిన ప్రయత్నానికి అది ఫలితం. ఇల్లు నిలబడింది. పని ఆగిన నెలలో పొయ్యి వెలిగించే ఏర్పాటు మాత్రం లేదు.

హోసూరులోనూ ఇంతే. 2019లో వాహన రంగం మందగించినప్పుడు అక్కడి పెద్ద కర్మాగారం పని లేని రోజులు ప్రకటించింది. ఇలాంటప్పుడు ఈఎస్ఐ ఉన్న కార్మికుడికి ఉద్యోగం పోతే కొంత భృతి దొరికే పథకం 2018 నుంచి ఉంది. లాక్‌డౌన్ తర్వాత ఆ భృతిని సగటు వేతనంలో 25 శాతం నుంచి 50 శాతానికి, 90 రోజుల వరకు పెంచారు. ఈఎస్ఐ చీటీ లేని కాంట్రాక్టు కూలీకి మళ్లీ సొంతూరి బస్సే గతి.

కోటియాలో రెండు కార్డులు... యానాంలో డిపోలే లేవు

చిరునామా మీద సాయం ఎంతగా ఆధారపడుతుందో చూడాలంటే కోటియా వెళ్లాలి. ఒడిశాలోని కోరాపుట్, ఆంధ్రలోని పార్వతీపురం మన్యం జిల్లాల మధ్య 21 గ్రామాల మీద దశాబ్దాలుగా వివాదం. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ ఎన్నికలు జరిపితే ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్లింది. రెండు ప్రభుత్వాలూ తమవారని చెప్పుకోవడానికి పోటీ పడి రేషను, పింఛను ఇస్తుంటాయి. ఊరు కదలకపోయినా రెండు వైపుల నుంచీ సాయం వస్తోంది. పని కోసం కదిలినవాడికి ఒక్క వైపు నుంచీ సరిగా రావడం లేదు.

అదే ఒడిశా 2020లో వలసలు ఎక్కువగా ఉన్న 20 బ్లాకుల్లో ఏడాదికి 300 రోజుల పని ఇస్తామంది. అవన్నీ పడమటి వైపున్న బలంగీర్, బర్గఢ్, కలహండి, నువాపడా జిల్లాల్లోవి. తెలుగువారు ఎక్కువగా ఉన్న గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాలు అందులో లేవు. లాక్‌డౌన్‌లో సూరత్ నుంచి వేల సంఖ్యలో కూలీలు తిరిగొచ్చింది మాత్రం గంజాంకే.

యానాం పరిస్థితి దీనికి తలకిందులు. 2012 జనవరి ఘర్షణల తర్వాత అక్కడి పెద్ద సిరామిక్స్ కర్మాగారం మూతపడింది. చిన్న పట్నానికి అది కోలుకోలేని దెబ్బ. 2015 సెప్టెంబరు నుంచి పుదుచ్చేరి ప్రాంతంలో కేంద్ర ఆహార సబ్సిడీ నగదు రూపంలోకి మారింది. క్రమంగా రేషను దుకాణాలు మూతపడ్డాయి. ధర పెరిగిన నెలలో ఆ నగదుకు వచ్చే బియ్యం తగ్గేవి. దుకాణాలు మళ్లీ తెరుచుకున్నది 2024 అక్టోబరులో. ఈ మధ్య కాలంలో పక్కనున్న ఆంధ్ర పల్లెల కార్డుదారు యానాంలో ఉంటే వేలిముద్ర వేయడానికి డిపో అంటూ లేదు.

అంకె తగ్గిందంటే అవసరం తగ్గినట్టేనా?

సాయం వాడకం తగ్గితే పరిస్థితి బాగుపడిందని పాలకులు చెబుతారు. కొన్నిసార్లు నిజమే. కానీ ప్రతిసారీ కాదు. 2022-23లో ఉపాధి హామీ జాబితాల నుంచి 5.18 కోట్ల మంది కూలీల పేర్లు తొలగించారు. అంతకు ముందు ఏడాది తొలగించింది 1.49 కోట్లు. 2023 జనవరి నుంచి హాజరుకు ఫోన్లో ఫొటో తప్పనిసరి అయింది. 2024 జనవరి నుంచి ఆధార్ ఆధారిత చెల్లింపు తప్పనిసరి అయింది. బోగస్ పేర్లు పోయి ఉండొచ్చు. వాటితో పాటు ఊళ్లో లేని వలస కూలీ పేరు కూడా పోయింది. కరువొచ్చి తిరిగొచ్చాక చూసుకుంటే కార్డుంది, పేరు లేదు. 2023-24లో పని చేసిన కుటుంబాలు అంతకు ముందు ఏడాది కంటే తగ్గి, పని దినాలు మాత్రం పెరగడం దీనికి తోడు పెట్టి చూడాలి. తక్కువ ఇళ్లకు ఎక్కువ పని దొరికిందన్నమాట.

నగదు పథకాలదీ అదే దారి. మహారాష్ట్ర 2024లో లాడ్కీ బహిన్ పేరిట నెలకు రూ.1,500 ఇవ్వడం మొదలుపెట్టింది. 2025లో దాదాపు 26 లక్షల మందికి చెల్లింపులు ఆపి పరిశీలన మొదలుపెట్టింది. తమిళనాడులో నెలకు రూ.1,000, ఒడిశాలో సుభద్ర కింద ఏడాదికి రూ.10,000. అన్నిటికీ స్థానిక నివాసమే మొదటి షరతు. ఆంధ్రలో పుట్టి బళ్లారి కోడలైన అమ్మాయి పేరు పుట్టింటి కార్డులోనే ఉండిపోతే అత్తవారింట్లో ఆమెకు ఏ లక్ష్మీ లేదు.

ముందున్నది కొత్త చట్టం

2025 డిసెంబరులో పార్లమెంటు 2005 ఉపాధి హామీ చట్టం స్థానంలో 'వికసిత్ భారత్ - గ్యారంటీ ఫర్ రోజ్‌గార్ అండ్ ఆజీవికా మిషన్ (గ్రామీణ్)' చట్టాన్ని ఆమోదించింది. హామీ రోజులు 100 నుంచి 125కు పెరిగాయి. ఇది మంచి మాట. కానీ ఖర్చులో రాష్ట్రాలు 40 శాతం భరించాలి. ప్రతి రాష్ట్రానికీ కేంద్రం ముందుగా ఒక కేటాయింపు నిర్ణయిస్తుంది. అది దాటితే భారం రాష్ట్రానిదే. వ్యవసాయ పనుల కాలంలో 60 రోజుల వరకు పనులు ఆపవచ్చు.

మామూలు ఏడాదిలో ఈ లెక్కలు సర్దుకోవచ్చు. చెడ్డ ఏడాదిలో? 2020లో ఖర్చు అనుకున్నదానికి దాదాపు రెండింతలైంది. అడిగినవారికి పని ఇవ్వాలన్న హక్కు ఉండబట్టే నిధి పెరిగింది. కరువు వచ్చిన రాష్ట్రంలో పన్నుల రాబడి కూడా పడిపోతుంది. సరిగ్గా అప్పుడే అదనపు ఖర్చు మోయమంటే ఆ రాష్ట్రం పనులు తెరుస్తుందా, బిగిస్తుందా? 2023లో రూ.18 వేల కోట్లు అడిగి మూడున్నర వేల కోట్లు పొందిన కర్ణాటక అనుభవం చూస్తే భరోసా కలగడం కష్టం. సరిహద్దుకు రెండు వైపులా రెండు రాష్ట్రాల ఆర్థిక స్తోమత వేరు. ఇక మీదట కరువు పని దొరకడం కూడా ఆ స్తోమతను బట్టే ఉంటే, పావగడకూ మడకశిరకూ ఉన్న తేడా ఇంకా పెరుగుతుంది.

చేతిలో ఉన్నవి

ఈలోగా కుటుంబాలు చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. పరాయి రాష్ట్రంలో ఉన్నవారు తమ కార్డు జాతీయ ఆహార భద్రత చట్టం కిందిదో కాదో ముందే తెలుసుకోవాలి. సొంతూరి డిపోలో అడగవచ్చు, 'మేరా రాషన్' యాప్‌లో చూడవచ్చు, 14445 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఇంట్లో సగం మంది ఊళ్లో, సగం మంది పట్నంలో ఉంటే వాటాను రెండు చోట్లా విడివిడిగా తీసుకునే వీలుంది. ఒకరు తీసుకుంటే మొత్తం పోతుందన్నది అపోహ. ఉపాధి పని అడిగేవారు నోటిమాటతో సరిపెట్టుకోకుండా కాగితం మీద అడిగి, తేదీ వేసిన రసీదు తీసుకోవాలి. రసీదు లేకపోతే ఆ అవసరం ఏ లెక్కలోనూ చేరదు. పెళ్లయి రాష్ట్రం మారినవారు పుట్టింటి కార్డులో పేరు తీయించుకున్న ధ్రువపత్రాన్ని మొదటి నెలల్లోనే తెచ్చుకుంటే తర్వాత తిప్పలు తప్పుతాయి.

ప్రభుత్వాలు చేయాల్సింది ఇంతకన్నా పెద్దది. అసంఘటిత కార్మికుల కోసం 2021 ఆగస్టులో మొదలైన ఈ-శ్రమ్‌లో 30 కోట్ల మందికి పైగా పేర్లు నమోదయ్యాయి. లాక్‌డౌన్‌లో లేదన్న జాబితా ఇప్పుడుంది. కరువు ప్రకటించిన రోజే ఆ జాబితా పట్టుకుని, పక్క రాష్ట్రం కూలీలకు కనీసం మూడు నెలలు స్థానికులతో సమానంగా బియ్యం ఇవ్వడానికి సరిహద్దు రాష్ట్రాలు ఒప్పందం చేసుకోవచ్చు. తుంగభద్ర నీళ్ల పంపకానికి రాష్ట్రాల మధ్య ఒక బోర్డు ఉంది. ఆ నీళ్లు రాని ఏడాది పొలం విడిచి వచ్చినవాళ్ల బాగోగుల గురించి మాట్లాడుకోవడానికి రాష్ట్రాల మధ్య ఏ వేదికా లేదు.